చేతుల వణుకుకు ప్రొప్రనొలాల్ రాశారు, ఉబ్బసం ఉన్నవాళ్లు వేసుకోవచ్చా?

బోర్డు_టీచరమ్మ
నాకు 52 ఏళ్లు. ప్రభుత్వ పాఠశాలలో తెలుగు చెబుతాను. రెండు చేతులూ వణకడం మొదలై చాలా కాలమైంది, ఈ ఏడాది మాత్రం బాగా పెరిగింది. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే ఏమీ ఉండదు. గ్లాసు ఎత్తితే, సుద్దముక్క పట్టుకుంటే మొదలవుతుంది. బోర్డు మీద గుడి, కొమ్ము అన్నీ వంకర్లు తిరుగుతున్నాయి. ముందు బెంచీలో కూర్చునే పిల్ల ఒకతె "నేను రాయనా టీచర్" అంటూ తనే లేచి వస్తోంది. మా నాన్నగారికీ, మేనత్తకూ ఇదే వణుకు ఉండేది.

డాక్టరు ఐదు నిమిషాలు చూసి ఎసెన్షియల్ ట్రెమర్ (పని చేసేటప్పుడు చేతులు వణికే నరాల జబ్బు) అన్నారు. ప్రొప్రనొలాల్ 40 మి.గ్రా. రెండు పూటలా వేసుకోమని రాశారు. నాకు చలికాలంలో పిల్లికూతలు వస్తాయి, ఇన్‌హేలర్ వాడతాను. ఆ సంగతి ఆయన అడగలేదు, నన్ను చెప్పనివ్వనూ లేదు. ఇంటికి వచ్చి మందుతో ఇచ్చిన కాగితం చదివితే ఉబ్బసం ఉన్నవారు వాడరాదని ఉంది. మాత్ర ఇంకా ముట్టుకోలేదు. దీనికి వేరే మందులు ఏమున్నాయి? మీలో ఎవరు ఏది వాడారు, ఎంతవరకు పనిచేసింది?

మందుల_దుకాణం_రాజు
వేసుకోకండి. డాక్టరును మళ్లీ కలిసే వరకు ఆ పట్టీ విప్పవద్దు.

కారణం చెబుతాను. ప్రొప్రనొలాల్ గుండె మీద ఒక్కదాని మీదే పనిచేసే మందు కాదు. ఊపిరి గొట్టాలను వదులుగా ఉంచే గ్రాహకాలను, అంటే మందు వెళ్లి అతుక్కునే చోట్లను, కూడా అడ్డుకుంటుంది. ఉబ్బసం ఉన్నవారికి గొట్టాలు బిగుసుకుపోతాయి. అప్పుడు సాల్బుటమాల్ ఇన్‌హేలర్ పీల్చినా అది పనిచేయవలసిన చోటును ఈ మందు ముందే మూసేసి ఉంటుంది. అందుకే ఇది చిన్న విషయం కాదు.

ఓరుగల్లు_వాసు
అంత భయపెట్టకండి రాజు గారూ. మా అమ్మ ఏళ్ల తరబడి ఇదే మందు వాడుతోంది. వణుకు సగానికి సగం తగ్గింది. ఒకప్పుడు పప్పు గరిటె ఎత్తితే సగం పళ్లెం బయట పడేది. ఇప్పుడు పదిమందికి తనే వడ్డిస్తోంది.

మందుల_దుకాణం_రాజు
వాసు గారూ, మీ అమ్మగారికి ఉబ్బసం లేదు కదా? లేనివాళ్లకు ఇది మంచి మందే, మొదట రాసేదీ ఇదే. అమెరికాలో ఈ జబ్బుకని ప్రత్యేకంగా అధికారిక అనుమతి పొందిన మాత్ర కూడా ఇదొక్కటే. నేను చెప్పింది టీచరమ్మ గారి ఊపిరితిత్తుల గురించి.

ఓరుగల్లు_వాసు
ఉబ్బసం లేదు. ఒప్పుకుంటున్నాను. అయితే వాడబోయే మిగతావాళ్ల కోసం అమ్మ సంగతి రాస్తాను.

మొదట 20 మి.గ్రా. రెండు పూటలా ఇచ్చారు, తరువాత మెల్లగా పెంచారు. చివరికి రోజుకు ఒక్కసారి వేసుకునే 80 మి.గ్రా. మాత్రకు మార్చారు, అది రోజంతా కొద్దికొద్దిగా విడుదలవుతుంది. మొదట్లో మెట్లెక్కితే ఆయాసం, కాళ్లు చల్లబడటం, చిత్రమైన కలలు ఉండేవి. కలలు వాటంతట అవే పోయాయి. నాడి ఎలా చూడాలో డాక్టరు నేర్పించారు. నిమిషానికి 55 కన్నా తగ్గితే ఫోను చేయమన్నారు. ఇప్పటికీ పొద్దున్న కాఫీకి ముందు గోడ గడియారం కింద నిలబడి మణికట్టు పట్టుకుని లెక్కపెట్టుకుంటుంది. వణుకు పూర్తిగా పోలేదు. సూదిలో దారం ఇప్పటికీ నేనే ఎక్కిస్తాను.

కంకిపాడు_రైతు
ఈ మాత్రలన్నీ ఎందుకండీ. వయసు వస్తే చేతులు వణుకుతాయి. కాఫీ, టీ మానేసి కంటి నిండా నిద్రపోతే అదే తగ్గుతుంది. మా నాన్న ఒక్క మాత్ర వేసుకోకుండా తొంభై ఏళ్లు బతికారు.

నరాల_వార్డు_సిస్టర్
కాఫీ తగ్గించమనడం మంచి సలహాయే. నిద్ర లేకపోయినా, కంగారు పడినా వణుకు పెరుగుతుంది, అదీ నిజమే. కానీ దీన్ని వయసు కింద కొట్టిపారేయడం సరికాదు. ఇరవైల్లో మొదలైన వాళ్లను మా వార్డులో చూశాను. సగం మందికి పైగా ఇంట్లో ఇంకెవరికో ఉంటుంది, టీచరమ్మ గారి నాన్నగారికి, మేనత్తకు ఉన్నట్టే.

రైతు గారూ, వణుకు ప్రాణం తీయదు, మందు వేసుకోకపోయినా బతకవచ్చు. గ్లాసుతో నీళ్లు తాగలేక పెళ్లిళ్లకు వెళ్లడం మానుకున్నవాళ్లు ఉన్నారు. మాత్ర అలాంటి వాళ్ల కోసం. పని చెడనంత వరకు మందు లేకుండా ఉండవచ్చని డాక్టర్లే చెబుతారు.

టీచరమ్మ గారూ, మందు మార్చే ముందు రెండు విషయాలు చూడాలి. ఒకటి, థైరాయిడ్ పరీక్ష చేశారా? థైరాయిడ్ ఎక్కువగా ఉన్నా ఇలాగే సన్నని వణుకు వస్తుంది. రెండు, మీ ఇన్‌హేలరే. సాల్బుటమాల్ పీల్చిన తరువాత చేతులు వణకడం బాగా తెలిసిన సంగతి. మీ వణుకు చలికాలంలో పెరుగుతుందా? పెరిగితే అందులో ఇన్‌హేలర్ వాటా ఎంతో తేలాలి. అలాగని దాన్ని మీ అంతట మీరు మానవద్దు, ఊపిరి ముఖ్యం.

బోర్డు_టీచరమ్మ
సిస్టర్ గారూ, థైరాయిడ్ పరీక్ష ఎవరూ చేయించలేదు. చలికాలంలో పెరిగే మాట నిజం. చలికి అనుకున్నాను. ఇన్‌హేలర్ ఎప్పుడో ఒకసారే, వేసవిలో అసలు వాడను. వణుకు వేసవిలోనూ ఉంటుంది.

అనకాపల్లి_బెల్లం
మా మామగారికి సాయంత్రం రెండు పెగ్గులు పడితే చేతులు రాయిలా నిలబడతాయి. నాటు వైద్యం అంటే అదే అంటారు ఆయన.

నరాల_వార్డు_సిస్టర్
అది వింత కాదు. ఈ జబ్బు ఉన్నవాళ్లలో చాలామందికి మద్యంతో కాసేపు తగ్గుతుంది, డాక్టర్లు ఆ ప్రశ్న అడుగుతారు కూడా. దిగిపోయాక వణుకు మునుపటి కన్నా ఎక్కువగా తిరిగి వస్తుంది. పొద్దున ఆ వణుకు ఆపడానికి మళ్లీ ఒక పెగ్గు. ఆ దారిన వెళ్లి కాలేయం పోగొట్టుకున్నవాళ్లకు నేనే సెలైన్ పెట్టాను. బెల్లం గారూ, మామగారిని ఒకసారి నరాల డాక్టరుకు చూపించండి. దీన్ని వైద్యం అనవద్దు.

అనకాపల్లి_బెల్లం
చెబుతాను అక్కా. ఆయన వినాలి కదా.

ఆయుర్వేద_అభిమాని
ఆయుర్వేదంలో దీన్ని కంపవాతం అంటారు. దూలగొండి విత్తనాల చూర్ణం పాలతో తీసుకోవాలి. ఇంగ్లీషు మందులకన్నా మేలు.

మందుల_దుకాణం_రాజు
దూలగొండిలో సహజంగా లెవోడోపా ఉంటుంది. అది పార్కిన్సన్ జబ్బుకు ఇచ్చే మందు. ఆ జబ్బులో మెదడులో డోపమైన్ అనే రసాయనం తగ్గుతుంది, లెవోడోపా ఆ లోటు తీరుస్తుంది కాబట్టి అక్కడ దానికి అర్థం ఉంది. టీచరమ్మ గారిది ఆ జబ్బు కాదు. ఎసెన్షియల్ ట్రెమర్‌కు లెవోడోపా పనిచేయదు. వాంతులు, బీపీ పడిపోవడం మాత్రం మిగులుతాయి.

ఆయుర్వేద_అభిమాని
రెండూ వణుకే కదా. మీకెలా తెలుసు ఇది పార్కిన్సన్ కాదని?

నరాల_వార్డు_సిస్టర్
ఆవిడ రాసిన మొదటి పోస్టులోనే ఉంది. చేతులు ఒళ్లో ఉంటే వణుకు లేదు, పని చేస్తుంటే వస్తుంది. పార్కిన్సన్‌లో చాలావరకు తిరగేసి ఉంటుంది. చేయి ఊరికే ఉన్నప్పుడు, ముందు ఒక పక్కన, బొటనవేలితో మాత్ర నలుపుతున్నట్టు వణుకుతుంది. నడక నెమ్మదిస్తుంది, ఒళ్లు బిగుసుకుంటుంది. రాత చూసినా తెలుస్తుంది. పార్కిన్సన్‌లో అక్షరాలు చీమల్లా చిన్నవైపోతాయి. ఇక్కడ పెద్దవిగానే ఉండి వంకర్లు పోతాయి. ఖచ్చితంగా తేల్చవలసింది మాత్రం డాక్టరే.

ఇంకొక మాట. కళ్లు తిరగడానికి నెలల తరబడి సిన్నరిజైన్, ఫ్లూనరిజైన్ మాత్రలు మింగే పెద్దవాళ్లు మన దగ్గర చాలామంది. అవి పార్కిన్సన్ లాంటి వణుకు తెస్తాయి. ఎవరు వణికినా ముందు ఇంట్లో ఉన్న మాత్రల పెట్టె తెరిచి చూడండి.

కడప_కల్పన
ఇది నిజం. మా అబ్బాయికి మూర్ఛకు వాల్‌ప్రోయేట్ ఇస్తున్నారు. డోసు పెంచాక చేతులు వణకడం మొదలైంది. ఇంకో జబ్బేమో అని ఏడ్చాను. మందువల్లే అని చెప్పి డాక్టరు డోసు సరిచేశారు, తగ్గిపోయింది.

విశాఖ_వేణుగోపాల్
టీచరమ్మ గారి అసలు ప్రశ్నకు వస్తాను. నాకూ ఉబ్బసం ఉంది, కాబట్టి ప్రొప్రనొలాల్ దారి మూసుకుపోయింది. నాకు ప్రిమిడోన్ ఇచ్చారు. ఇది పాత మూర్ఛ మందు. వణుకుకు ప్రొప్రనొలాల్‌తో సమానమైన రుజువులు ఉన్నది దీనికే. అమెరికా నాడీ వైద్యుల అకాడమీ 2005లోనూ, 2011లోనూ ఇచ్చిన మార్గదర్శకాల్లో మొదటి వరుసలో ఉన్నవి ఈ రెండే.

మొదటి రాత్రి గురించి చెప్పాలి. మా ఊళ్లో దొరికింది 250 మి.గ్రా. బిళ్ల. దాన్ని బ్లేడుతో ఎనిమిది ముక్కలు చేయమన్నారు డాక్టరు. ఒక్క ముక్క, రాత్రి పడుకునే ముందు. అంత చిన్న ముక్క వేసుకున్నా తెల్లవారి లేచేసరికి గది తిరిగింది. వాంతి వచ్చినట్టు ఉంది, గోడ పట్టుకుని స్నానాల గదికి వెళ్లాను. డాక్టరు ముందే హెచ్చరించారు కాబట్టి ఆపలేదు. నాలుగైదు రోజుల్లో సర్దుకుంది. తరువాత వారానికొక ముక్క పెంచుకుంటూ వెళ్లాం. ఇప్పుడు రాత్రికి ఒక పూర్తి బిళ్ల దగ్గర ఆగాం. నేను బంగారం పని చేస్తాను. రాళ్లు పొదగడం మానేశాను, అది మళ్లీ మొదలుపెట్టగలిగాను. చిన్న రాళ్లు మాత్రం తమ్ముడే పొదుగుతాడు.

బోర్డు_టీచరమ్మ
వేణుగోపాల్ గారూ, పొద్దున మత్తుగా ఉంటుందా? నేను ఎనిమిదింటికి బస్సెక్కాలి.

విశాఖ_వేణుగోపాల్
మొదటి వారాల్లో ఉండేది. డోసు పెంచిన ప్రతిసారీ రెండు మూడు రోజులు. వేసవి సెలవుల్లో మొదలుపెడితే మీకు సుళువు. మొదటి రోజుల్లో రాత్రి లేచేటప్పుడు లైటు వేసుకుని లేవండి.

మందుల_దుకాణం_రాజు
ప్రిమిడోన్ గురించి ఒక హెచ్చరిక. అది శరీరంలో కొంత ఫినోబార్బిటాల్ అనే ఇంకో మూర్ఛ మందుగా మారుతుంది, కాలేయం మిగతా మందులను త్వరత్వరగా ఖర్చుచేసేలా చేస్తుంది. రక్తం పలుచబడే మందులు, గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లకు వాటి బలం తగ్గుతుంది. డాక్టరుకు మీ మాత్రల పూర్తి జాబితా చూపించండి.

పాలమూరు_పద్మ
ఉబ్బసం ఉంటే ప్రొప్రనొలాల్ బదులు అటెనొలాల్ ఇవ్వవచ్చు కదా? మా అక్కకు బీపీకి అదే ఇస్తున్నారు, చేతి వణుకు కూడా కొంచెం తగ్గిందంటోంది.

మందుల_దుకాణం_రాజు
అటెనొలాల్ ఎక్కువగా గుండె మీదే పనిచేస్తుంది, ఊపిరితిత్తులను తక్కువగా తాకుతుంది. తక్కువగా అన్నాను, అసలు తాకదని కాదు. డోసు పెరిగిన కొద్దీ ఆ తేడా పోతుంది. పైగా వణుకు మీద ప్రొప్రనొలాల్ అంత బలంగా పనిచేయదు. డాక్టరు ఊపిరితిత్తుల పరీక్ష చేయించి ఇస్తే వేరే సంగతి. మనంతట మనం మార్చుకునే మందు కాదు.

ఇంకొకటి, షుగరు ఉన్నవాళ్లు జాగ్రత్త. షుగరు పడిపోయినప్పుడు గుండె దడ, వణుకు వస్తాయి కదా, ఆ ఆనవాళ్లను ప్రొప్రనొలాల్, అటెనొలాల్ జాతి మందులు కప్పేస్తాయి. చెమట మాత్రం పడుతుంది, దాన్ని గమనించాలి.

గుంటూరు_గాయత్రి
నాకు టోపిరమేట్ ఇచ్చారు. వణుకు తగ్గింది, అబద్ధం చెప్పను. కానీ మాటలు తట్టేవి కావు. చేతిలో ఉన్న జల్లెడను చూస్తూ దాని పేరు గుర్తురాక నిలబడిపోయేదాన్ని. వేళ్ల చివర్లలో చీమలు పాకినట్టు తిమ్మిరి. బరువు కూడా తగ్గాను, దానికి మాత్రం నా బిడ్డలు సంతోషించారు. టీచరు గారు మాటలతో పని చేసేవారు, ఈ మందు ఇస్తే ముందే అడగండి.

నరాల_వార్డు_సిస్టర్
టోపిరమేట్‌కు మూత్రపిండాల్లో రాళ్ల భయం కూడా ఉంది. నీళ్లు బాగా తాగాలి. దాని తరువాత వరుసలో గాబాపెంటిన్ ఉంది. కొందరికి పనిచేస్తుంది, కొందరికి మత్తు, కాళ్ల వాపు తప్ప ఏమీ మిగలదు.

ఓరుగల్లు_వాసు
మా పక్కింటి ఆయన అల్ప్రాజొలాం అనే కంగారు తగ్గించే మాత్ర వేసుకుంటారు. ఫంక్షన్‌కు వెళ్లే ముందు ఒకటి. బాగా పనిచేస్తుందంటారు. చీటీ లేకుండానే తెచ్చుకుంటారు.

మందుల_దుకాణం_రాజు
చీటీ లేకుండా ఇచ్చిన దుకాణానిదే తప్పు. అది వణుకును తగ్గిస్తుంది, ముఖ్యంగా కంగారుతో పెరిగే వణుకును. అలవాటు పడితే వదిలించుకోవడం నరకం. పెద్దవాళ్లు రాత్రి లేచి పడిపోయి తుంటి విరగ్గొట్టుకుంటారు. ఆయనకు నా మాటగా చెప్పండి వాసు గారూ.

డల్లాస్_సుబ్బారావు
మందులన్నీ అయిపోయాక ఏమిటని ఎవరైనా అడుగుతారేమో, మా నాన్నగారి సంగతి చెబుతాను. ఆయన ఇక్కడే మా దగ్గర ఉంటారు. ప్రొప్రనొలాల్, ప్రిమిడోన్ కలిపి కూడా వాడారు. రెండూ కలిపితే కొందరికి ఒక్కదానికన్నా బాగా పనిచేస్తుంది, ఆయనకు చాలలేదు. చెంచాతో అన్నం నోటి దాకా చేరేది కాదు.

చివరికి ఫోకస్డ్ అల్ట్రాసౌండ్ చేయించాం. అమెరికాలో 2016లో అనుమతి వచ్చిన పద్ధతి. కోత ఉండదు. తల పూర్తిగా గొరిగి, ఎంఆర్‌ఐ యంత్రంలో పడుకోబెట్టి, మెదడు లోపల థాలమస్ అనే భాగంలో వణుకుకు కారణమైన చిన్న చోటును ధ్వని తరంగాలతో వేడిచేసి కాలుస్తారు. మనిషి మెలకువగానే ఉంటారు. మధ్యమధ్యలో బయటికి లాగి అట్ట మీద కాగితం పెట్టి సుడి గీయమంటారు. మొదటి సుడి గీతల చిక్కులా ఉంది. చివరిది దాదాపు గుండ్రంగా వచ్చింది. అది చూసి నాన్న నర్సు చేయి పట్టుకుని తెలుగులోనే మాట్లాడేశారు.

కుడి చేతికే చేశారు. ఎడమ చేయి ఇంకా వణుకుతుంది. రెండో వైపు కూడా చేయడానికి 2022 చివర్లో అనుమతి వచ్చింది, మధ్యలో కనీసం తొమ్మిది నెలలు ఆగాలి. కొన్ని వారాలు నడక తూలింది, పెదవి దగ్గర తిమ్మిరి ఉంది. తెలిసే ఒప్పుకున్నాం.

కంకిపాడు_రైతు
కోయకుండా మెదడులో కాల్చడమా! సుబ్బారావు గారూ, నాన్నగారు ఇప్పుడు తన చేత్తో అన్నం తింటున్నారా?

డల్లాస్_సుబ్బారావు
తింటున్నారు. పెరుగన్నం కూడా, చేత్తోనే.

కోనసీమ_శారద
మా అత్తగారికి తల అడ్డంగా ఊగుతుంది, గొంతు వణుకుతుంది. ప్రొప్రనొలాల్ వల్ల చేతులు కొంత తగ్గాయి, తల మాత్రం అలాగే ఉంది. ఏది అడిగినా వద్దంటోందని మనవలు అనుకుంటారు.

నరాల_వార్డు_సిస్టర్
తల వణుకుకు మాత్రలు తక్కువగా పనిచేస్తాయి శారద గారూ. మెడ కండరాల్లో బొటాక్స్ సూదులు వేస్తారు, సుమారు మూడు నెలలు ఉంటుంది, మళ్లీ వేయించాలి. గొంతుకూ వేస్తారు, కానీ కొన్నాళ్లు మాట సన్నగా రావడం, మింగేటప్పుడు పొలమారడం ఉంటాయి. అనుభవం ఉన్న చేతులే వేయాలి.

రిటైర్డ్_గుమాస్తా
మందుల సంగతి కాదు కానీ ఈ జబ్బు ఉన్నవాళ్లకు పనికివస్తుంది. సంతకం కలవడం లేదని బ్యాంకులో చెక్కు తిప్పి పంపితే ఊరుకోకండి. సంతకం పెట్టలేని వృద్ధులు, రోగుల వేలిముద్ర తీసుకుని డబ్బు ఇవ్వాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. ఇద్దరు సాక్షులు ఉండాలి, అందులో ఒకరు బ్యాంకు బాధ్యతగల అధికారి కావాలి. మేనేజరును అడగండి, దబాయించి అడగండి.

హైదరాబాద్_విద్యార్థి
నాకు 22. ల్యాబులో పిపెట్ పట్టుకుంటే వణుకు. ఇంట్లో ఎవరికీ లేదు. సీనియర్ ఒకరు వైవా ముందు ప్రొప్రనొలాల్ 10 వేసుకోమంటున్నారు.

నరాల_వార్డు_సిస్టర్
తమ్ముడూ, సీనియర్ మాట పక్కన పెట్టు. వేదిక భయానికి ఆ మందు తక్కువ డోసులో ఇస్తారు, అది నిజమే. కానీ నీ వయసులో, ఇంట్లో ఎవరికీ లేకుండా కొత్తగా వణుకు వస్తే ముందు కారణం వెతకాలి. థైరాయిడ్ పరీక్షతో పాటు రక్తంలో రాగిని మోసే సెరులోప్లాస్మిన్ అనే ప్రోటీన్ కూడా చూస్తారు. శరీరంలో రాగి పేరుకుపోయే విల్సన్ జబ్బు చిన్నవయసులో వణుకుతో మొదలుకావచ్చు. త్వరగా పట్టుకుంటే వైద్యం ఉంది. ఈ వారమే వెళ్లు.

బోర్డు_టీచరమ్మ
వేరే నరాల డాక్టరును కలిశాను. ఈవిడ చాలాసేపు కూర్చోబెట్టి అడిగారు. నీళ్ల గ్లాసు ఒక చేతి నుంచి ఇంకో చేతికి ఒంపించారు, సుడి గీయించారు, మాత్రల పేర్లు రాసుకున్నారు. థైరాయిడ్ సరిగానే ఉంది. ఎసెన్షియల్ ట్రెమర్ అనేదే ఖాయం చేశారు. ఉబ్బసం మాట వినగానే ప్రొప్రనొలాల్ కొట్టేసి, ప్రిమిడోన్ ఎనిమిదో వంతు ముక్కతో మొదలుపెట్టమన్నారు. వేణుగోపాల్ గారు చెప్పినట్టే మొదటి పొద్దున గది తిరిగింది. ముందే తెలియడం వల్ల కంగారు పడలేదు. ఆదివారానికి ముందు రాత్రి మొదలుపెట్టాను.

ఇప్పటికి అరబిళ్ల దగ్గర ఉన్నాను. బోర్డు మీద రాత కుదురుకుంటోంది. గ్లాసు ఇప్పటికీ రెండు చేతులతోనే పట్టుకుంటున్నాను. డాక్టరు గారు "వణుకు సగం తగ్గితే మనం గెలిచినట్టే, పూర్తిగా పోతుందని మాట ఇవ్వను" అన్నారు. ఆ మాట ముందే చెప్పినందుకు ఆవిడ మీద నమ్మకం కుదిరింది.

గుంటూరు_గాయత్రి
చాలా సంతోషం టీచర్. మాటలు తట్టుతున్నాయి కదా?

బోర్డు_టీచరమ్మ
తట్టుతున్నాయి గాయత్రి గారూ. సుమతీ శతకం నిన్ననే ఆపకుండా చెప్పాను.

మందుల_దుకాణం_రాజు
టీచరమ్మ గారూ, ప్రిమిడోన్ చిన్న ఊళ్లలో అన్నివేళలా దొరకదు. రెండు వారాలకు సరిపడా ఎప్పుడూ ముందే తెచ్చి పెట్టుకోండి. దీన్ని గానీ, ప్రొప్రనొలాల్‌ను గానీ ఒక్కసారిగా ఆపకూడదు. మొదటిదాన్ని ఆపితే ఫిట్స్ భయం, రెండోదాన్ని ఆపితే గుండె మీద దెబ్బ. ఆపాలన్నా డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

హైదరాబాద్_విద్యార్థి
సిస్టర్ గారూ, పరీక్షలు వచ్చాయి. రాగి సంగతి ఏమీ లేదు. థైరాయిడ్ బాగా ఎక్కువగా ఉందట. బరువు తగ్గడం, గుండె దడ కూడా దానివల్లే అన్నారు. థైరాయిడ్‌ను తగ్గించే కార్బిమజోల్ మొదలుపెట్టారు. చిత్రంగా దానితో పాటు ప్రొప్రనొలాల్ కూడా రాశారు!

నరాల_వార్డు_సిస్టర్
అది సరైనదే తమ్ముడూ. కార్బిమజోల్ పని చూపించడానికి కొన్ని వారాలు పడుతుంది, అంతవరకు దడనూ వణుకునూ అదుపులో పెట్టడానికి ప్రొప్రనొలాల్ ఇస్తారు. థైరాయిడ్ దారికి వచ్చాక డాక్టరే తగ్గించి ఆపేస్తారు. ఒక్కటి గుర్తుపెట్టుకో. కార్బిమజోల్ వాడుతుండగా జ్వరం, గొంతునొప్పి వస్తే ఆ రోజే వెళ్లి తెల్ల రక్తకణాల లెక్క చేయించుకోవాలి. నీకు ఉబ్బసం లేదని వాళ్లకు చెప్పావు కదా?

హైదరాబాద్_విద్యార్థి
లేదని చెప్పాను. ఈ చర్చ చదివాక డాక్టరు అడగకముందే నేనే చెప్పాను.